సున్నపు దుమ్ము కాస్తున్న వాన

కడప జిల్లాలో వంటింటి గట్టు అంటే చాలా ఇళ్లలో నాపరాయే. దాని మీద నిమ్మకాయ కోసి, రసం తుడవకుండా వదిలేస్తే ఏమవుతుందో ఇక్కడి ఆడవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. నల్లటి నునుపు మీద తెల్లటి మచ్చ పడుతుంది. ఎంత తోమినా పోదు. ఎందుకంటే అక్కడ రాయే కాస్త కరిగిపోయింది. పులుపు సున్నపురాయిని తింది, తింటూ తన పులుపునూ పోగొట్టుకుంది.

మన నెత్తి మీద మేఘాల్లో జరుగుతున్నదీ ఇదే.

ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం 1,650 మెగావాట్లది. ఏ థర్మల్ కేంద్రంలోనైనా బొగ్గు మండితే అందులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా మారి పొగగొట్టం ఎక్కుతుంది. పొడిగాలిలో అది నెమ్మదిగా మారుతుంది. మేఘంలోకి చేరితే మాత్రం పని చకచకా సాగుతుంది. నీటి బిందువులో కరిగి, అక్కడున్న హైడ్రోజన్ పెరాక్సైడ్, ఓజోన్‌లతో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. సిమెంటు బట్టీలో వేడి 1,450 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి గాలిలోని నత్రజనే మండి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. లారీల పొగ కూడా వాటికి తోడై నైట్రిక్ ఆమ్లం తయారవుతుంది. ఏ కాలుష్యమూ లేని చోట కూడా వాన కొంచెం పుల్లనే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల దాని పీహెచ్, అంటే పులుపును కొలిచే అంకె, 5.6 దగ్గర ఉంటుంది. అంతకంటే తగ్గితే దాన్ని ఆమ్లవర్షం అంటారు. పీహెచ్ ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు.

మరి మన దగ్గర వాన ఎందుకు పులవట్లేదు? ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి గనులు ఉన్నాయి. బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనులు, పాలిష్ యూనిట్లు. వీటన్నిటి దుమ్మూ సున్నపురాయి దుమ్మే. దానికి తోడు మన నల్లరేగడి నేలల్లోనే సున్నం పాలు ఎక్కువ. వేసవి గాలికి అదీ లేస్తుంది. ఈ దుమ్ము మేఘంలోనూ, కింద పడుతున్న చినుకులోనూ కలిసి ఆమ్లాన్ని విరిచేస్తుంది. పశువుల పేడ, పొలాల్లోని యూరియా వదిలే అమోనియా కూడా కొంత సాయం పడుతుంది.

పోయిన తొలకరికి ఎర్రగుంట్ల దగ్గర బంధువుల ఇంట్లో ఉన్నాను. మిద్దె మీద స్టీలు పళ్లెం పెట్టి మొదటి వాన నీళ్లు పట్టాను. స్కూలు ల్యాబులో దొరికే రంగు కాగితం ముంచితే ఆకుపచ్చగా తేలింది, అంటే ఆమ్లం లేనట్టే. మామయ్య చూసి, "వాన బాగానే ఉంది కదప్పా, దీనికి ఇంత టెన్షన్ దేనికి?" అన్నాడు. నీళ్లు ఆరాక పళ్లెం ఆయన చేతికే ఇచ్చాను. అడుగున బూడిదరంగు పొర గట్టిగా అంటుకుని ఉంది. గోరుతో గీకితే గీత పడింది. అత్తయ్యకు మాత్రం ఆశ్చర్యం లేదు. "మొదటి వాన నీళ్లు మేమెప్పుడూ పట్టం నాయనా" అంది.

మామయ్య అన్న మాటే అధికారులూ, పరిశ్రమల వాళ్లూ అంటుంటారు, నా అభ్యంతరం అక్కడే. పీహెచ్ బాగుంది కాబట్టి గాలి బాగుంది అనడం తప్పు. విరిగిన ఆమ్లం ఎక్కడికీ పోలేదు, సల్ఫేటుగా ఆ నీళ్లలోనే ఉంది. వాన పడని రోజుల్లో అదే సల్ఫేటు సన్నటి ధూళిగా, పీఎం 2.5గా, ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడదు. కడిగే వాన తక్కువ, పేరుకునే రోజులు ఎక్కువ. వానను కాస్తున్న దుమ్మును పీలుస్తున్నది మనమే. గనిలో పనిచేసేవాళ్లు అందరికంటే ఎక్కువ పీలుస్తున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో కడప, అనంతపురం, కర్నూలు మూడూ ఉన్నాయి. దాని కింద రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు వస్తున్నాయి. అంటే దుమ్ము తగ్గించే పని. అది జరగాల్సిందే. కానీ గంధకం సంగతి? థర్మల్ కేంద్రాల పొగలో సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015 డిసెంబరులో పరిమితి పెట్టారు, గడువు మాత్రం పదేపదే పొడిగించారు. చివరికి 2025 జులైలో, పెద్ద నగరాలకూ బాగా కలుషితమైన ప్రాంతాలకూ దూరంగా ఉన్న ఎక్కువ కేంద్రాలకు, పొగగొట్టం ఎత్తు సరిపోతే చాలని గంధకం తీసే యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చారు. మన బొగ్గులో గంధకం తక్కువ అన్నది ఒక వాదన. నిజమే, శాతంలో తక్కువే. కానీ కాల్చే టన్నులు ఎన్ని? ఎత్తైన పొగగొట్టం గంధకాన్ని తగ్గించదు, దూరానికి పంపుతుంది, మేఘానికి ఇంకాస్త దగ్గర చేస్తుంది.

ఆ యంత్రాల్లో ఎక్కువ రకం పనిచేసేది సున్నపురాయితోనే. రాయిని పొడిచేసి, నీళ్లలో కలిపి పొగ మీద చల్లుతారు. గంధకం దానికి పట్టుకుని జిప్సం అవుతుంది. సిమెంటుకు జిప్సం కావాలి. మన శెనక్కాయ రైతు ఊడలు దిగే ముందు ఎకరాకు 200 కిలోల జిప్సం కొని వేస్తాడు. రాయి మన దగ్గరే ఉంది, జిప్సం అవసరమూ మన దగ్గరే ఉంది. పొగగొట్టంలో చేయించాల్సిన పనిని మనుషులు పీల్చే గాలిలో జరగనిస్తున్నాం.

దుమ్ము తగ్గి గంధకం మిగిలితే ఏమవుతుందో ఇతర దేశాలు చూశాయి. యూరప్, ఉత్తర అమెరికాల్లో గంధకం తగ్గించినంతగా వానలో పులుపు తగ్గలేదు. దాన్ని విరిచే సున్నం లాంటి ధూళి కూడా తగ్గిపోవడమే ఒక కారణమని 1994లో నేచర్ పత్రికలో పరిశోధకులు చూపించారు. అక్కడ గంధకాన్నీ తగ్గిస్తూ వచ్చారు కాబట్టి కొంత నయం. మనం దుమ్ము ఒక్కటే తగ్గిస్తామంటున్నాం.

మన దేశంలో వాన నీటి రసాయనాన్ని ఏళ్ల తరబడి కొలిచిన వాతావరణ శాఖ కేంద్రాలు పది. థార్ ఎడారి దుమ్ము పడే జోధ్‌పూర్‌లో వాన పులవదు. విశాఖలో పులుపు పెరుగుతోంది. ఆ పదింటిలో రాయలసీమది ఒక్కటీ లేదు.

మేఘం వానగా మారడం మీద కూడా ఈ ధూళి ప్రభావం ఉంది. ఒక వాన చినుకు కావాలంటే సుమారు పది లక్షల మేఘ బిందువులు ఒకటవ్వాలి. సన్నటి సల్ఫేటు రేణువులు ఎక్కువైతే ఉన్న తేమే చిన్న చిన్న బిందువులుగా పంచుకుపోతుంది, అవి కలిసి బరువెక్కడం కష్టమవుతుంది. పెద్ద ఉరుముల మేఘాల లెక్క వేరు గానీ, మనకు ఎక్కువగా కనిపించే పల్చటి మేఘాలకు ఇది దెబ్బే. ఒకప్పుడు మేఘమథనం పేరుతో విమానాలు పంపి మేఘాల్లో రేణువులు చల్లించిన సీమ ఇది. ఏ రేణువులు ఇప్పటికే అక్కడ ఉన్నాయో లెక్క తీయడం అంతకంటే ముందు పని కాదా?

లెక్క తీయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో గాలిలోని ధూళి మీద ఏళ్లుగా పరిశోధన చేస్తున్నవాళ్లున్నారు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్లల్లో తలా ఒక వాన నీటి పరికరం పెట్టాలి. చినుకు పడితేనే మూత తెరుచుకునేది కావాలి. నా పళ్లెంలా తెరిచి ఉంటే దుమ్ము ముందే చేరి లెక్క చెడగొడుతుంది. పీహెచ్‌తో ఆగకుండా కాల్షియం, సల్ఫేటు, నైట్రేటు, అమ్మోనియం నాలుగూ కొలిచి, ఊరి పంచాయతీ బోర్డు మీద రాయాలి.

ఒక్క జాగ్రత్త. మొదటి వానతో తృప్తిపడి ఊరుకోకూడదు. ముసురు పట్టి మూడో రోజు కూడా పడుతున్న వానను విడిగా సీసాలో పట్టాలి. అప్పటికి గాలిలో దుమ్ము చాలావరకు కడుక్కుపోయి ఉంటుంది. మేఘం తెచ్చిందే సీసాలోకి వస్తుంది.