మహారాజశ్రీ లోహపు పోస్టు గారికి

మహారాజశ్రీ లోహపు పోస్టు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీ కుశలం అడగడం దండగ. రూట్ కెనాల్ చేసిన పంటి వేర్లోకి, పైకట్టుకు ఊతంగా పుల్లలా దించాక మీకెప్పుడూ ఏమీ కాదు. అయ్యేదంతా వేరుకే. పన్ను పీకి చూస్తే వేరు నిలువునా రెండు చెక్కలై ఉంటుంది, మధ్యలో మీరు నిన్ననే కొట్లోంచి వచ్చినట్టు తళతళలాడుతుంటారు.

వంశం గొప్పదే, కాదనం. 1728లో పారిస్‌లో అచ్చయిన దంతవైద్య గ్రంథంలో పియెర్ ఫోషార్ మీ పూర్వీకులైన బంగారు, వెండి పుల్లల గురించి రాసిపెట్టాడు. మీ దాయాదులు చెక్కపుల్లలైతే తడికి ఉబ్బి వేర్లు చీల్చేవి. మీరు ఉబ్బరు, నిజమే. వంగరు కూడా. చిక్కంతా అక్కడే.

పంటి లోపలి ఎముకలాంటి పదార్థం డెంటిన్. దాని స్థితిస్థాపక గుణకం, అంటే వంగనని మొరాయించే గుణం, సుమారు 18 గిగాపాస్కల్స్. టైటానియానిది 110 దాకా, స్టీలుది 200 దగ్గర. అంటే జంతిక కొరికినప్పుడు పన్ను వెంట్రుకవాసి వంగుతుంది; లోపల మీరు ఇల్లరికపు అల్లుడిలా బిగదీసుకుని కూర్చుంటారు. సర్దుకోవాల్సింది చుట్టూ ఉన్నవాళ్లే. ఒత్తిడి మీ కొన దగ్గర పోగుపడి, ఏళ్ల తరబడి నమలగా నమలగా, ఓ రోజు టప్‌మంటుంది. మీలో మరచుట్లున్న వారికి అంత ఓపిక కూడా ఉండదు, బిగించేటప్పుడే వేరును పగలగొట్టగలరు. చవకని వారికింకా గిరాకీ ఉంది లెండి.

మీకు ఎసరు పెట్టిందీ ఫ్రాన్సే. 1990లో అక్కడ డ్యూరే బృందం కార్బన్ నారల్ని ఎపాక్సీ అనే జిగురులో పొదిగి పోస్టు చేసింది. అది కాకినలుపు, ముందు పంటికి పింగాణీ క్యాప్ తొడిగితే లోపలి నలుపు పైకి తొంగిచూసేది. తర్వాత తెల్లటి గాజు నారలు, క్వార్ట్జ్ నారలు వచ్చాయి. ఫిన్లండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లయితే ఇంకో అడుగు వేశారు: మెత్తటి నారల కట్టను వేరులోని కాలువ ఆకారానికి సర్ది, ఆ పైన వెలుతురుతో గట్టిపరచడం. కాలువ కోసం పోస్టు మారడం! మీ కాలంలో పోస్టు కోసం కాలువను తొలిచేవారు.

ఈ కొత్తవాడు, నారపోస్టు, మాత్రం ఏం తక్కువ తిన్నాడు? అచ్చం డెంటిన్‌లా వంగుతాడని కరపత్రాలు. నారలన్నీ పొడవునా ఉంటాయి గనుక నిలువున ఒక బలం, ఏటవాలుగా ఇంకో బలం. పుల్లను వంచి చూసే పరీక్షలో కింది రెండు ఆధారాల మధ్య దూరం మార్చినా గుణకం అంకె మారుతుంది. డెంటిన్ అంకె కావాలా? పుల్లను ఎలా వంచాలో తెలిస్తే చాలు. 5 డిగ్రీల నీళ్లలోనూ 55 డిగ్రీల నీళ్లలోనూ వేలసార్లు ముంచితీస్తే అయ్యగారు నీరు పీల్చి నీరసిస్తారు. వేరు లోతుకు వెలుతురు అందక, అతికించే సిమెంటు సరిగా గట్టిపడదు. లవంగనూనె అందరికీ పంటినొప్పి మందు. అందులోని యూజినాల్ ఈయన రెజిన్ సిమెంటుకు గిట్టదు. చివరికి ఓ పూట క్యాప్‌తో సహా ఊడి చేతికొస్తాడు.

అయినా మాకు వాడే నయం. వాడు ఊడితే వేరు చాలాసార్లు మిగులుతుంది, మళ్లీ అతికించుకోవచ్చు. మీరు ఊడరు, మమ్మల్ని చీల్చి మరీ నిలబడతారు.

ఒక్క విషయంలో మాత్రం మీ ఇద్దరిదీ ఒకే మాట: పన్నుకు బలం మా వల్లేనని. మీ పని పైన కట్టిన కోర్‌ను, అంటే క్యాప్ కింది దిమ్మను, పట్టి ఉంచడం, అంతే. క్యాప్ చుట్టూ వాటేసుకుంటే నమిలే దెబ్బల్ని కాసుకునేది ఎవరో డాక్టర్లకు తెలుసు. డ్రిల్లు ఆనించే ముందు వాళ్లు కొలిచేది మీ పొడవొక్కటే కాదు, మా ఎత్తు కూడా.

ఇట్లు,
చిగురు పైన మిగిలిన 2 మిల్లీమీటర్ల పంటిగోడ