ఈస్టాడ్ చర్చిలో జాజ్: ప్రతిధ్వనిని ఎరిగి వాయించాలి

సముద్రతీర చర్చిలలో వేసవి సాయంత్రాలు జరిగే జాజ్ కచేరీలలో ప్రతిధ్వని వల్ల లయ చెదిరిపోతుందని ఇటీవల చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త రాశారు. ఆ మాటలో నిజం ఉన్నా, దోషం కట్టడానిది కాదని నా అభిప్రాయం.

2010 నుంచి జాజ్ ఉత్సవం జరుగుతున్న స్వీడన్ దక్షిణతీర పట్టణం ఈస్టాడ్‌నే తీసుకుందాం. అక్కడి సెయింట్ మేరీ చర్చి వంటి ఎత్తైన ఇటుక కట్టడంలో మంద్రస్వరాలను పీల్చుకునేవి తక్కువ కాబట్టి, డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే, వయొలిన్‌ను పోలిన పెద్ద మంద్రస్వర వాద్యం) తీగను మీటిన నాదం తరువాతి స్వరం వచ్చేదాకా గాలిలోనే నిలిచి ఉంటుంది. బాస్ వాద్యకారుడు స్వరాల సంఖ్య తగ్గించి, డ్రమ్మర్ కర్రలు పక్కనబెట్టి తీగల బ్రష్‌లతో చర్మంపై మృదువుగా రాస్తే, పియానోలో నాదాన్ని నిలిపి ఉంచే పెడల్‌ను పొదుపుగా వాడితే, ఆ నిలకడే బాస్, డ్రమ్స్, పియానోల త్రయానికి నాలుగో వాద్యమవుతుంది. జనం నిండితే వారి దుస్తులు కూడా కొంత ధ్వనిని పీల్చుకుంటాయి. ఖాళీ చర్చిలో చేసిన సౌండ్ చెక్‌ను (కచేరీకి ముందు చేసే ధ్వని పరీక్షను) నమ్మరాదనేది అందుకే. లౌడ్‌స్పీకర్ల శబ్దం పెంచడం మాత్రం ఇక్కడ ముమ్మాటికీ పొరపాటు.

స్వీడన్ జాజ్‌కు ఈ నిదానం కొత్త కాదు. స్వీడన్ జాజ్ పియానిస్టు యాన్ యోహాన్సన్ 1964లో జానపద బాణీలను పియానో, బాస్‌లతో మాత్రమే వినిపించిన తీరు ఇందుకు నిదర్శనం. పైగా సెయింట్ మేరీ గోపురంపై కావలివాడు నేటికీ రాత్రివేళ పావుగంటకోసారి కొమ్ము ఊదుతాడు. ఆ ఊరి వారికి విరామంతో కూడిన ధ్వని నిత్యపరిచితమే.

వ్యాసకర్త ఈసారి ముందు వరుసలో కాక, చర్చి మధ్యలో కూర్చుని విని చూడాలని నా విన్నపం.