ర్యాంకు గోడ మీద, లెక్క గుప్పిట్లో!

ఏటా ఇదే తంతు. ఏ కారు నమ్మకమైనదో, ఎవరి ఇంజిన్ ఎక్కువకాలం మన్నుతుందో తేల్చేస్తూ జాబితాలు వెలువడతాయి. పైవరుసలో నిలిచిన కంపెనీ మర్నాటికల్లా దాన్ని ప్రకటనలకు ఎక్కిస్తుంది. మీ ఫలానా ఇంజిన్లు వారంటీలోపే ఎన్ని చెడిపోయాయని అదే కంపెనీని అడిగితే మాత్రం, వ్యాపార రహస్యమట!

ఇంతకీ ఆ జాబితాలు కొలిచేదేమిటి? అమెరికా సర్వే సంస్థ జె.డి. పవర్ చేసే మన్నిక సర్వే మూడేళ్ల వయసు కార్లను తీసుకుని, వందకు ఎన్ని సమస్యలో లెక్కిస్తుంది. ఫోన్ కారుతో కలవకపోయినా ఒక సమస్యే, ఇంజిన్ మొరాయించినా ఒక సమస్యే. పదిహేనేళ్లు నడుపుకోవాలనుకునే మనిషికి ఈ మూడేళ్ల ముచ్చట ఎందుకు?

పైగా, ఒక కంపెనీ ఇంజిన్లన్నిటినీ ఒకే గాటన కట్టడం. మన్నికకు మారుపేరైన టయోటాయే 2024లో అమెరికాలో సుమారు లక్ష టండ్రా, లెక్సస్ వాహనాలను వెనక్కి పిలిచింది. తయారీలో మిగిలిన తుక్కు ఇంజిన్లలో ఉండిపోయింది మరి. 2025లో జనరల్ మోటార్స్ వంతు. అక్కడ దాదాపు 6 లక్షల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) వాహనాలు. తనిఖీలో గట్టెక్కిన వాటికి చేసిన వైద్యం, ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోయడం! ఇంజిన్ల రీకాల్ కబురు ఆలస్యంగా చెప్పినందుకు హ్యుందాయ్, కియాలకు 2020లో పడిన జరిమానాలు 21 కోట్ల డాలర్లు.

మన్నిక నడిపేవారి తీరును బట్టి ఉంటుందని, విడి అంకెలు జనాన్ని పొరబడేలా చేస్తాయని కంపెనీలంటాయి. కొంత నిజమే. ర్యాంకును ప్రచారానికి వాడుకునేటప్పుడు ఈ జాగ్రత్త ఏమైపోతుందో!

లెక్కల్లేవా అంటే, ఉన్నాయి. అమెరికాలో 2000 నాటి వాహన భద్రతా చట్టం ‘ట్రెడ్’ కింద వారంటీ క్లెయిముల సంఖ్యలను కంపెనీలు నియంత్రణ సంస్థకు ఇస్తూనే ఉన్నాయి. కొనేవాడికి మాత్రం అవి గోప్యం! ఆయిల్‌లో మునిగి తిరిగే టైమింగ్ బెల్టు అరిగిపోతోందని గగ్గోలు పుట్టాక, ప్యూజో, సిట్రోయెన్ కార్ల కంపెనీ స్టెలాంటిస్ యూరప్‌లో తన 1.2 లీటర్ల ప్యూర్‌టెక్ ఇంజిన్లకు పదేళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చింది. ఆ హద్దు ఏ అంకెలు చూసి గీసింది? ఆ అంకెలు కారు కొన్నవాళ్లకు ముందే ఎందుకు అందలేదు?

ప్రకటనలో ర్యాంకు వేసుకునే కంపెనీ, ఇంజిన్‌వారీ వారంటీ లెక్కనూ దాని పక్కనే అచ్చువేయాలి. అంత ధైర్యం లేకపోతే ‘నమ్మకం’ అన్న మాటను ప్రకటనల్లోంచి పీకేయాలి.