సలాడ్ అనగానేమి?

పదమూడేళ్ళుగా అమెరికాలోని మా ఊరి తెలుగువాళ్ళ పాట్‌లక్కులన్నిటికీ, అంటే తలా ఒక వంట తెచ్చి కలిసి తినే విందులకు, నేను పేపర్ ప్లేట్లే పట్టుకెళ్ళాను. ప్లేట్లు, గ్లాసులు, టిష్యూలు. ఇదేదో చిన్న పదవి అనుకోకండి. బిర్యానీ మాడితే పులిహోర ఉంటుంది, పులిహోర ముద్దయితే బిర్యానీ ఉంటుంది. ప్లేట్లు లేకపోతే మాత్రం ఎనభై మంది అరిటాకుల కోసం మిన్నెసోటా అంతా వెతకాలి. అలాంటి బాధ్యతను నేను ఏ గుర్తింపూ ఆశించకుండా మోస్తూ వచ్చాను.

ఈ జూలైలో పిక్నిక్ కమిటీ నా పదవి ఊడబీకింది. వాట్సాప్ గ్రూపులో పెట్టిన షీటులో ప్లేట్ల ఎదురుగా మొన్న మొన్న దిగిన ఒక బ్రహ్మచారి పేరు ఉంది. కింద గమనిక: "సంసారులందరూ ఏదో ఒకటి చేసి తేవలెను." స్వీట్లు అప్పటికే నిండిపోయాయి. పెరుగన్నానికి ముగ్గురు పోటీ పడుతున్నారు. "సలాడ్" అన్న గడి ఒక్కటే ఖాళీ. ఉండక ఏంచేస్తుంది? మనకు సలాడ్ అంటే నాలుగు ఉల్లిపాయ చక్రాలు, ఒక నిమ్మబద్ద. దాన్ని వండానని చెప్పుకుంటే పరువు తక్కువ. నాకు అంత పరువు లేదు కాబట్టి ఆ గడిలో పేరు రాసేశాను.

ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్ళమ్మట నీళ్ళొస్తాయని తర్వాత గుర్తొచ్చింది. పక్కింటావిడని సలహా అడిగాను. డెబ్భై దాటిన పెద్దావిడ. లూథరన్ చర్చి బేస్‌మెంటులో యాభై ఏళ్ళుగా పాట్‌లక్కులు నడిపిన మనిషి. "సలాడే కదా, స్టవ్ వెలిగించక్కర్లేదు, కత్తి పట్టక్కర్లేదు" అంది. ఆ ముక్కతో నేను ఆవిడ శిష్యుణ్ణయిపోయాను.

శిష్యరికంలో మొదటి పాఠం పేర్లు. స్నికర్స్ సలాడ్: ఆపిల్ ముక్కలు, తరిగిన స్నికర్స్ చాక్లెట్ బార్లు, కూల్ విప్ అనే మీగడలాంటి డబ్బా నురగ. కుకీ సలాడ్: వెనిలా పుడ్డింగ్ పొడి, మజ్జిగ, డబ్బా కమలా తొనలు, చాక్లెట్ చారల బిస్కెట్లు, మళ్ళీ కూల్ విప్. దక్షిణాది రాష్ట్రాల్లో నారింజ, కొబ్బరి కలిపి చేసేదాని పేరు ఆంబ్రోసియా, అంటే గ్రీకు దేవతల అమృతం. అందులోనూ ఇప్పుడు మార్ష్‌మాలోలు అనే మెత్తని తీపి బిళ్ళలు పడుతున్నాయి. ఈ జాతి మొత్తాన్నీ కలిపి ఫ్లఫ్ అంటారు. ఏకిన దూదిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు న్యాయమే. సలాడ్ ఎలా అయిందనేదే నా సందేహం.

"చాక్లెట్ బార్లు కోసి వేస్తే సలాడ్ ఎలా అవుతుందండీ?" అని అడిగాను.

"ఆపిల్ ఉందిగా" అంది ఆవిడ. ఆ గొంతులో ఏ కోశానా వెటకారం లేదు.

పండితుల కోసం ఒక మాట. సలాడ్ అన్న పదం లాటిన్‌లో ఉప్పు అనే మాట నుంచి పుట్టింది. ఆకులకు ఉప్పు చల్లుకుని తినేవాళ్ళు కాబట్టి, ఉప్పు వేసినది అని అర్థం. ఫ్లఫ్‌లో ఆకు లేదు, చల్లే ఉప్పూ లేదు. మన ఆవకాయకు ఈ పేరు ఎంతో నప్పేది, కానీ మనం అడగలేదు.

ఇక కూల్ విప్. 1966లో జనరల్ ఫుడ్స్ కంపెనీ దీన్ని బజారులోకి తెచ్చింది. మీగడను గిలక్కొట్టే శ్రమ తప్పించడానికి మీగడనే తప్పించారు. నీళ్ళు, గట్టిపరచిన నూనె, మొక్కజొన్న చక్కెర పాకం, వీటిలోకి గాలి కొట్టి గడ్డకట్టించి డబ్బాకెత్తారు. ఈమధ్య కాస్త వెన్న తీసిన పాలు, ఇంకాస్త మీగడ చేర్చారట గానీ, నేతిబీరకాయలో నెయ్యి వెతికినవాళ్ళకు ఇక్కడ కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. ఫ్రీజరు లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు గంటలు ఓపిక పట్టాలి. ఈ వంటలో కష్టమన్నది ఉంటే అదొక్కటే. నేను ఆ నాలుగు గంటలూ నిలబడే ఉన్నాను, మా ఆవిడ చూస్తుండగా.

మొదటి ప్రయత్నం జెల్లోతో, అంటే గడ్డకట్టి వణికే తీపి జెల్లీతో. 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్ అనే చిన్న ఊళ్ళో పెర్ల్ వెయిట్ అనే ఆయన జెలటిన్‌లో పండ్ల రుచులు కలిపాడు, ఆయన భార్య మే దానికి జెల్లో అని పేరు పెట్టింది. అమ్ముకోవడం చేతకాక రెండేళ్ళకే 450 డాలర్లకు ఇచ్చేసుకున్నాడు. వందేళ్ళు తిరిగేసరికి, 2001లో, యూటా రాష్ట్ర సెనేట్ దాన్ని తమ అధికారిక చిరుతిండిగా తీర్మానించింది. మన చట్టసభల్లో ఇంత ప్రశాంతంగా ఒక తీర్మానం నెగ్గి ఎన్నాళ్ళయిందో మీరే లెక్కేసుకోండి.

పక్కింటావిడ చెప్పింది: పచ్చ జెల్లో, డబ్బా అనాసపండు, కూల్ విప్. మనం ఊరుకుంటామా? గురువు చెప్పినదానికి మెరుగు పెట్టకపోతే తెలుగు శిష్యుడెలా అవుతాడు? డబ్బా పండేమిటి చీప్‌గా అని, నాలుగు దుకాణాలు తిరిగి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి, పండిన అనాస కొనుక్కొచ్చి, ముళ్ళు గుచ్చుకున్నా లెక్కచేయకుండా తరిగి కలిపాను. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే పచ్చని చారు. తెల్లని నురగ తేలుతున్న పచ్చని చారు.

తాజా అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది ప్రొటీన్లను నమిలేస్తుంది. జెలటిన్ అంటే ప్రొటీనే. బొప్పాయి, కివీ పండ్లదీ ఇదే దౌర్జన్యం. డబ్బాలో కూరేటప్పుడు పండును వేడి చేస్తారు కాబట్టి ఎంజైము చచ్చిపోతుంది, జెలటిన్ నిక్షేపంగా గడ్డకడుతుంది. అంటే తోటలోంచి వచ్చిన పండు ఈ వంటకు పనికిరాదు, గోదాములోంచి రావాలి. తాజాదనానికి శిక్ష వేసే వంటకం ప్రపంచంలో ఇదొక్కటే అనుకుంటాను. అన్నం వండిన రోజే కలిపితే ముద్దయ్యే ఫ్రైడ్ రైస్ ఒకటుంది గానీ, అది చైనావాళ్ళు చూసుకుంటారు.

ఈ లోగా మా అత్తగారు రంగంలోకి దిగారు. ఆరు నెలల వీసా మీద వచ్చారు, అందులో నాలుగు నెలలు డబ్బాల వెనక చిన్న అక్షరాలు చదవడంలోనే గడిచాయి. కళ్ళజోడు పైకెత్తి జెల్లో అట్టపెట్టె నా ముందు పెట్టారు.

"బాబూ, ఈ జెలటిన్ దేంతో చేస్తారు?"

"అదీ... ఒకరకం జిగురండీ, అత్తయ్యగారూ."

"చెట్టు జిగురా?"

అల్లుళ్ళు అబద్ధమాడటానికి కూడా ఒక హద్దుంది. పందుల, పశువుల చర్మాలూ ఎముకలూ ఉడికిస్తే వచ్చేదని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. మెల్లగా లేచి వెళ్ళి, ఆ రాత్రి ఫ్రిజ్‌లో జెల్లో పక్కనున్న పెరుగు గిన్నెను తీసి వేరే అరలో పెట్టారు. మర్నాడు మార్ష్‌మాలోల సంచీ కూడా తిప్పి చదివారు. అందులోనూ జెలటినే. తెల్లగా, మెత్తగా, పసిపాపల బుగ్గల్లా ఉన్నవాటిని కూడా నమ్మకూడదని ఆవిడకు ఈ దేశం నేర్పిన పాఠం. మన పిక్నిక్కుల్లో సగంమంది శాకాహారులు, అందులో సగంమంది ఇన్నేళ్ళుగా మార్ష్‌మాలోలు తింటూనే ఉన్నారు. ఈ సంగతి నేను గ్రూపులో పెట్టలేదు. కొన్ని స్నేహాలు అజ్ఞానం మీదే నిలబడి ఉంటాయి.

అలా నేను వాటర్‌గేట్ సలాడ్ దగ్గరికి చేరాను. అవును, ఆ వాటర్‌గేటే. 1972 జూన్ 17న దొంగలు దొరికిన భవనం, 1974 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కుర్చీ దిగిన కథ. చేసే తీరు చూస్తే పేరు సరిపోయినట్టే ఉంది: ఏమేం చేశారో అన్నీ పైనుంచి తెల్లగా కప్పేయాలి. ఒక పెట్టె పిస్తా ఇన్‌స్టంట్ పుడ్డింగ్ పొడి, ఇరవై ఔన్సుల డబ్బా అనాస తురుము రసంతో సహా, ఒక కప్పు బుల్లి మార్ష్‌మాలోలు, అరకప్పు పెకాన్ పలుకులు, ఎనిమిది ఔన్సుల కూల్ విప్. పొడి ముందు అనాస రసంలో కలపాలి. ఆ తర్వాత మిగతావి వేసి, గరిటెతో కింద నుంచి పైకి, పులిహోర కలిపినట్టు నెమ్మదిగా తిప్పాలి. గట్టిగా తిప్పితే గాలి పోతుంది. గాలి పోతే ఇక అందులో మిగిలేదేమీ లేదు. ఈ పుడ్డింగును పట్టి నిలిపేది పిండిపదార్థమే తప్ప జెలటిన్ కాదు, కాబట్టి అత్తగారి పరీక్ష గట్టెక్కింది. మార్ష్‌మాలోలు సముద్రపు నాచుతో చేసినవి వెతికి తెచ్చాను, మామూలువాటికి రెట్టింపు ధర. నాచు అనగానే ఆవిడ మళ్ళీ ఒక నిమిషం ఆలోచించి, "మొక్కే కదా, పరవాలేదు" అని అనుమతి ఇచ్చారు.

పిక్నిక్ నాడు తొంభై డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ. ఇక్కడి ప్రభుత్వ వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం చెడిపోయే తిండి బయట రెండు గంటలు మించి ఉండకూడదు, తొంభై దాటితే గంటే. మన పాట్‌లక్కుల్లో గంట అంటే గొడుగు కింద గణపతి ప్రార్థన, కమిటీవారి రెండు మాటలు, ఆ రెండు మాటల తర్వాత మరో రెండు మాటలు. నా ట్రేను కూలర్లో ఐసు మధ్య పెట్టి కాపలా కాశాను. బల్లల అధికారిణి అయిన వదినగారు మూత తీసి చూశారు.

"ఇది స్వీట్ కదండీ. గులాబ్‌జామ్ పక్కన పెట్టండి."

"కాదండీ. షీటులో చూడండి, సలాడ్."

"పచ్చగా ఉంటే సలాడేనా?"

"అనాస ఉందండీ" అన్నాను. గురువుగారి గొంతే నా గొంతులోంచి వచ్చింది. వెటకారం లేకుండా.

వదినగారు షీటు చూశారు. కమిటీ షీటులో రాసింది రాజ్యాంగంతో సమానం. సలాడ్ బల్ల మీదే పెట్టారు, తరిగిన కీరా పక్కన. ఆ తర్వాత జరిగింది చెప్తే మీరు నమ్మరు. పిల్లలు వరస కట్టారు. ఎనిమిదేళ్ళవాడొకడు మూడోసారి వచ్చాడు. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి గద్గదస్వరంతో, "అన్నయ్యగారూ, మావాడు జన్మలో సలాడ్ ముట్టలేదండీ, ఏం వేశారో కాస్త చెప్పండి" అంది. షుగరున్న బాబాయిగారొకరు గులాబ్‌జామ్ బల్ల వైపు వీపు తిప్పి, భార్య కళ్ళముందే, గిన్నెనిండా సలాడ్ పెట్టించుకుని తిన్నారు. పిన్నిగారు మెచ్చుకోలుగా చూశారు.

ఆ దృశ్యం చూశాకే నాకు మన జాతి ఎక్కడ వెనకబడిందో తెలిసింది. మనకు వంటల కొరత లేదు, పేర్ల కొరత. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం, సంతోషం. కానీ రేకు అంటే ఆకే కదా. దాన్ని "ఆకు సలాడ్" అని నమోదు చేసి ఉంటే ఏ డాక్టరు కాదనగలడు? సున్నుండ నిఖార్సయిన మినప్పప్పు సలాడ్, ప్రొటీన్ కూడా. కాకినాడ కాజాను గోధుమ సలాడ్ అనొచ్చు. లోపలున్న పాకం డ్రెసింగు. బొబ్బట్టులో పప్పుంది, బెల్లంలో ఇనుముంది, ఇంకా ఎవరికేం కావాలి? గ్లూకోమీటరుకు తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు అని కొందరు అభ్యంతరం చెబుతారు. అది యంత్రం లోపం.

నిజానికి మనకు ఈ దొంగపేరు అవసరమే ఉండేది కాదు. గోదావరి జిల్లాల్లో పెళ్ళి భోజనానికి కూర్చుంటే ఆకు మీద ముందు పడేదే బూరె. తర్వాత పులిహోర, ఆ తర్వాతే పప్పూ అన్నమూ. తీపిని భోజనం చివర దాకా దాచి, అక్కడిదాకా ఆగలేక, సలాడ్ అని వేషం వేసి మాంసం పక్కన పెట్టుకునే అవస్థ మిన్నెసోటావాళ్ళది. మనం ఎదురుగానే తినేవాళ్ళం. మధ్యలో ఎవరో రక్తపరీక్ష కనిపెట్టారు.

అయినా మొన్నటిదాకా మన ఫంక్షన్ హాళ్ళలో ఐస్‌క్రీమ్ ముద్ద వేసి ఇచ్చిన ఫ్రూట్ సలాడ్ ఏమిటి? కస్టర్డ్ పొడి పాలలో కాచి, పంచదార పోసి, అరటిపండు, ఆపిల్, నాలుగు ద్రాక్షపళ్ళు తేలేసింది. ఆ పొడిని 1837లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్, గుడ్డు పడని తన భార్య కోసం మొక్కజొన్న పిండితో తయారుచేశాడు. ఆ ఇల్లాలి పుణ్యమా అని మన శాకాహార పెళ్ళిళ్ళకు ఒక సలాడ్ దక్కింది. దాన్నెవరూ కీరా పక్కన పెట్టలేదు, అంతే తేడా.

కూల్ విప్ ఖాళీ డబ్బాను మా అత్తగారు కడిగి ఆరబెట్టారు. ఈ విషయంలో లూథరన్ చర్చికీ మన వంటింటికీ ఏ సిద్ధాంతభేదమూ లేదు. పక్కింటావిడ ఫ్రిజ్‌లో కూడా కూల్ విప్ డబ్బా తీస్తే కూల్ విప్ ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఆవిడ ఇచ్చిన గరిటె, గిన్నె తిరిగివ్వాలి. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అత్తగారు పులిహోర కలిపి, కొంత గిన్నెలో, మిగిలింది కూల్ విప్ డబ్బాలో సర్ది పంపారు. వేరుశనగపప్పు బాగా కనిపించేలా పైన పేర్చారు.

ఆదివారం మధ్యాహ్నం పక్కింటావిడ డబ్బా తెచ్చి ఇచ్చింది. ఖాళీగా కాదు, అందులో కుకీ సలాడ్ ఉంది. చర్చి బేస్‌మెంటులో పులిహోర పది నిమిషాల్లో అయిపోయిందట. ఏ బల్ల మీద పెట్టారని అడిగాను.

"సలాడ్ల బల్ల మీద" అంది. "ఎల్లో రైస్ సలాడ్ అని చీటీ రాసి పెట్టాను."