స్పీడ్ బ్రేకర్ మీద శాసనాలు

హైదరాబాద్‌లో మా వీధి మలుపులో ఉన్న స్పీడ్ బ్రేకర్‌ను పురావస్తు శాఖ వెంటనే రక్షిత కట్టడంగా ప్రకటించాలని కోరుతూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నవ్వకండి. ఒకసారి వంగి చూడండి, మీకే తెలుస్తుంది. దాని నెత్తి మీద జానెడు మేర గీతలే గీతలు. బాగా లోతుగా దిగింది మూలింటి వాళ్ల కొత్త సెడాన్‌ది. వంకరగా పోయింది ఎవరిదో సైలెన్సర్. అంచున నల్లటి మరక ఇంజిన్ ఆయిల్, అది నాది. తొలి తెలుగు శాసనమని చెప్పే కలమళ్ల శాసనం చెక్కినవాడి చేతిలో ఉలి అయినా ఉంది. మేం ఉత్త కారు కడుపుతో చెక్కాం.

దీని నిర్మాణ చరిత్ర కూడా ఘనమైనదే. మూడేళ్ల కిందట ఎదురింటాయన శ్లాబ్ వేయించిన సాయంత్రం కొంత కాంక్రీటు మిగిలిపోయింది. ఆ వారమే ఓ కుర్రాడు ఆయన గేటు ముందు నుంచి బైకు మీద రయ్యిమని పోయాడు. కాంక్రీటూ కోపమూ ఒకే వారంలో చేతికందాయి. ఎత్తెంత పెట్టమంటారని మేస్త్రీ అడిగితే, ఆయన అరచెయ్యి గాల్లో పెట్టి చూపించారట. నాలుగు ఇటుకలు, ఓ కొబ్బరి మట్ట అడ్డం పెట్టారు. తెల్లారేసరికి రాయి అయ్యింది.

పాపం, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు 1988లోనే స్పీడ్ బ్రేకర్లకు కొలతలు రాసిపెట్టారు. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా ఉండాలి. 40 మీటర్ల ముందే బోర్డు, పైన రంగు పట్టీలు. చిన్న కారు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం దాదాపు రెండున్నర మీటర్లు. కాబట్టి 3.7 మీటర్ల దాని మీదికి కారంతా మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. మాది అడుగున్నర వెడల్పు, అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ ఎత్తు. ముందు చక్రాలు దిగిపోతాయి, వెనకవి ఇంకా ఎక్కవు, ఈలోగా మధ్యలో అది లేచి కడుపును పలకరిస్తుంది. ఇక బోర్డంటారా, మా దగ్గర చప్పుడే బోర్డు.

షోరూంలో గ్రౌండ్ క్లియరెన్స్, అంటే కారు కడుపుకీ నేలకీ మధ్య ఖాళీ, 160, 170 మిల్లీమీటర్లని చెబుతారు. అది చాలాసార్లు ఖాళీ కారు లెక్క. మన కార్లు ఖాళీగా ఎప్పుడు తిరిగాయి? మొన్న మాఘమాసంలో పెళ్లికి బయల్దేరాం. మలుపు రాగానే అలవాటు ప్రకారం అందరూ దిగారు. పట్టుచీరలు ఎత్తిపట్టుకుని స్పీడ్ బ్రేకర్ దాటి అవతల వరసగా నిలబడ్డారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆవిడను దింపలేదు. ఇస్త్రీ బండి అతను పెట్టె పక్కన పెట్టి వచ్చాడు. "క్రాస్ కొట్టుండ్రి సార్, క్రాస్... ఇంకొంచెం... ఆపకుండ్రి!" అంటూ చేతులు ఊపాడు. డిక్కీలో రెండు డబ్బాల లడ్డూలున్న సంగతి నేను మర్చిపోయాను. కర్ర్‌ర్... మని ఓ చప్పుడు. అతను చెవి అటు వేసి విని, "ఏం కాలే సార్, సైలెన్సరే" అన్నాడు. మూడేళ్లుగా రోజూ వింటున్నాడు కదా, చప్పుడును బట్టి పార్టు చెప్పేస్తాడు. నేనూ నమ్మాను.

ఆ రోజు మాత్రం అతని చెవి మోసం చేసింది. ఫంక్షన్ హాల్ దగ్గర దిగి చూస్తే కారు కింద నల్లటి చుక్కల ముగ్గు. మెకానిక్ జాకీ ఎత్తి, టార్చి వేసి చూపించాడు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ సత్తు గిన్నెలా లోపలికి నొక్కుకుపోయి, ఓ మూల వెంట్రుకంత చీలిక. "ఆయిల్ లైటు ఎలగలేదా సార్?" అన్నాడు. వెలిగింది. ముహూర్తానికి టైమైపోతోంది మరి. ఇన్సూరెన్స్ ఆయన మర్యాదగానే చెప్పారు: చాంబర్ పగలడం ప్రమాదం, పగిలాక నడపడం మీ ఇష్టం. చాంబర్‌కు ఇస్తాం, ఇంజిన్‌కు ఇవ్వం. ఇంజిన్‌కు విడిగా తీసుకునే యాడ్-ఆన్ బీమా మీరు తీసుకోలేదు కదండీ అని కూడా గుర్తుచేశారు.

అందుకే మా కాలనీలో ఇప్పుడు కారు కొంటుంటే మైలేజీ ఎవరూ అడగరు. టేపు పట్టుకుని కింద కొలుస్తున్నారు. ఆ కుర్రాడు మాత్రం బైకుతో పక్కనున్న రెండు జానల సందులోంచి అదే స్పీడుతో పోతున్నాడు. నిన్న మా గేటు ముందు మనవరాలి సైకిల్‌కు రాసుకుంటూ పోయాడు.

వచ్చే ఆదివారం మా మేడకు శ్లాబ్ వేస్తున్నాం. ఓ పది తట్టల మాలు మిగిలేలా ఉంది, ఏం చేద్దామని మేస్త్రీ అడిగాడు. చూసి చెబుతానన్నాను.