ఐర్లండులో న్యాయమైన కౌలు: ఆలస్యానికి రైతులు కారణమా?

ఐర్లండు భూసమస్య చర్చకు వచ్చినప్పుడల్లా ఒక వాదన తరచు వినిపిస్తుంది. 1881లో బ్రిటిష్ ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం భూచట్టం తెచ్చి, న్యాయమైన కౌలును కోర్టు చేత నిర్ణయింపజేసుకునే హక్కును కౌలురైతులకు ఇచ్చిందనీ, రైతులు ఆందోళనకారుల మాటలు నమ్మి ఒక్కుమ్మడిగా దరఖాస్తులు పెట్టడం వల్లనే విచారణలు ఆలస్యమయ్యాయనీ, చివరికి కౌలు తగ్గింది గనుక ఆ ఆలస్యం వల్ల ఎవరికీ నష్టం లేదనీ దాని సారాంశం. చట్టం వచ్చిందన్నదీ, కౌళ్లు తగ్గాయన్నదీ నిజమే. తక్కినది నిలవదు.

ఆందోళనకారుల సంగతి మొదట చూద్దాం. కౌలురైతుల ఉద్యమ సంస్థ అయిన లాండ్ లీగ్ నాయకుడు పార్నెల్ రైతులను మూకుమ్మడిగా కోర్టుకు పంపదలచలేదు. ఎంపిక చేసిన కొన్ని వ్యాజ్యాలతో ముందు చట్టాన్ని పరీక్షించాలన్నాడు. 1881 అక్టోబరు 13న ఆయనను అరెస్టు చేశారు. ఆ నెల 18న కిల్మైన్‌హమ్ జైలులోని నాయకుల పేరిట వెలువడిన ప్రకటన అసలు కౌలే చెల్లించవద్దని పిలుపునిచ్చింది. రెండు రోజులకు కౌలు నిర్ణయించేందుకు ఆ చట్టం కింద ఏర్పడిన భూకమిషన్ కోర్టు డబ్లిన్‌లో ప్రారంభమైతే, ఆ పిలుపును కాదని రైతులు వేల సంఖ్యలో దరఖాస్తు చేసుకున్నారు.

ఆ తొందరకు కారణం చట్టంలోనే ఉంది. కోర్టు తొలి విడత సమావేశంలో దరఖాస్తు చేసినవారికి తీర్పు ఎప్పుడు వచ్చినా చట్టం అమలైన నాటి నుంచే వర్తించే వీలుంది. ఆ తరువాత వచ్చినవారికి తీర్పు వెలువడ్డాక వచ్చే చెల్లింపు గడువు నుంచే కొత్త కౌలు. తొలి విడతను నవంబరు 12 వరకు పొడిగించారు. ఇటువంటి గడువు పెట్టి, రైతులు ఎగబడ్డారని నిందించడం అన్యాయం.

నష్టం లేదన్న మాట ఇక్కడే వీగిపోతుంది. తొలి నిర్ణయాల్లో కౌలు సగటున ఐదో వంతు తగ్గింది. ఏడాదికి ఇరవై పౌండ్లు కట్టే రైతు గడువు దాటాక దరఖాస్తు చేసి రెండేళ్లు వేచి ఉన్నాడనుకుంటే, భూస్వామికి అదనంగా చెల్లించినది ఎనిమిది పౌండ్లు. బకాయిలున్నవారి స్థితి మరీ దారుణం. పాత బకాయిల కింద భూస్వామి దావా వేసి వెళ్లగొట్టగలడు. 1882లో ఐదు వేలకు పైగా కుటుంబాలకు ఇళ్లు ఖాళీ చేయించారు. వారిలో కొందరిని తరువాత మళ్లీ ఉండనిచ్చిన మాట వాస్తవమే గాని, వారిలో ఎక్కువమంది హక్కుదారులుగా తిరిగి రాలేదు. ఇటువంటి రైతులను పాత బకాయిల భారం నుంచి ఆదుకునే బకాయిల చట్టం వచ్చింది 1882 ఆగస్టులో.

అసలు జాప్యం పని తీరులో ఉంది. న్యాయమైన కౌలు అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. అందువల్ల భూకమిషన్ పంపిన ఉపకమిషనర్లు ఒక్కొక్క కమతానికి వెళ్లి, పొలం నడిచి చూసి, ఈ మురుగు కాలువ తవ్వించింది ఎవరు, ఈ రాతిగోడ కట్టింది ఎవరు, చిత్తడి నేలను సాగులోకి తెచ్చింది ఎవరు అని సాక్ష్యం తీసుకోవలసి వచ్చింది. రైతు సొంత శ్రమతో చేసిన మెరుగుదలపై కౌలు వేయరాదంటూ ఐరిష్ పార్లమెంటు సభ్యుడు హీలీ చట్టంలో చేర్పించిన నిబంధన న్యాయమైనదే. కాని భూస్వాములు అప్పీలుకు వెళ్లగా, 1882లో ఆడమ్స్, డన్‌సీత్ వ్యాజ్యంలో అప్పీలు కోర్టు దాని పరిధిని కుదించింది.

లీజు పత్రాలున్న రైతులకైతే 1887 వరకు కోర్టు గడప తొక్కే హక్కే లేదు. వారి ఆరేళ్ల నిరీక్షణకు ఏ దరఖాస్తుల రద్దీ కారణం?