లాగ్‌బుక్కు గారికి డాక్టరు పట్టా

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ నలభై. టేబుల్ మీద గాల్ బ్లాడర్ కేసు. సర్జన్ గారు కడుపులోకి గ్యాస్ ఎక్కిస్తున్నారు, మత్తు డాక్టర్ని నేను మానిటర్ చూస్తున్నాను. థియేటర్ తలుపు జానెడు తెరుచుకుంది. ముందు ఒక బిగ్ షాపర్ సంచి లోపలికొచ్చింది. దాని వెనక ఒక చెయ్యి. ఆ చేతి వెనక, బయటి చెప్పులతోనే, క్లాస్ రిప్రజెంటేటివ్.

"సార్, పోస్టింగ్ అయిపోయింది సార్. సంతకాలు..."

సంచిలో పన్నెండు లాగ్‌బుక్కులున్నాయి, ఏ విద్యార్థి ఏం చూశాడో, ఏం నేర్చుకున్నాడో రాసుకునే పుస్తకాలు. రెండు వారాల అనస్థీషియా పోస్టింగ్ చేసీ చేసీ అలిసిపోయి, పాపం, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

నాకు నిజంగానే దణ్ణం పెట్టాలనిపించింది. వైద్యవిద్యలో మనం ఎక్కడికో వెళ్లిపోయాం. ఇప్పుడు పుస్తకం వస్తే చాలు, పిల్లవాడు రానక్కర్లేదు. ఆ మాటకొస్తే పిల్లవాడి కంటే పుస్తకమే నయం. రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోదు. స్టెరైల్ ట్రాలీకి ఆనుకుని నిలబడి సిస్టర్ చేత తిట్లు తినదు. "ఇది నీట్ పీజీలో వస్తుందా సార్" అని అస్సలు అడగదు.

ఒకటి తెరిచాను. ఇంట్యుబేషన్లు, అంటే ఊపిరిగొట్టంలోకి ట్యూబు వెయ్యడం, పది చూసిందట. వినాయక చవితి నాడు థైరాయిడ్ ఆపరేషన్ కూడా చూసింది. ఆ రోజు ఈ థియేటర్‌కి తాళం వేసి ఉంది. తాళం వేసిన గదిలోకి దూరి, లేని పేషెంటుకి చెయ్యని ఆపరేషన్ చూసొచ్చిన విద్యార్థి మా బ్యాచ్‌లో ఒక్కడూ లేడు. స్పైనల్ అనస్థీషియా అని రాయాల్సిన చోట 'స్పెషల్ అనస్థీషియా' అని ఉంది. రెండోది తీశాను, అందులోనూ స్పెషలే. పన్నెండింటిలోనూ స్పెషలే.

"మిగతావాళ్లేరి బాబూ?"

"లైబ్రరీలో ఉన్నారు సార్. రేపు టెస్ట్ సిరీస్."

"మరి నువ్వు?"

"పుస్తకాలు ఎవరో ఒకరు మొయ్యాలి కదా సార్."

అప్పుడే మానిటర్ కూత మారింది. పల్స్ ఆక్సిమీటర్‌లో ఒక సుఖముంది. ఆక్సిజన్ పడిపోతుంటే బీప్ శ్రుతి కూడా దిగుతుంది, చెవి వాటంగా ఉంటే అంకె చూడక్కర్లేదు. వచ్చినవాడికి ఆ ఒక్కటైనా చెబుదామని, "శబ్దం మారింది, విన్నావా?" అన్నాను.

కుర్రాడు కంగారుగా జేబు తడుముకుని, "నాది సైలెంట్‌లోనే ఉంది సార్" అన్నాడు.

గ్యాస్ నిండేసరికి ఊపిరితిత్తుల కింది డయాఫ్రమ్ కండరం పైకి లేచి, ట్యూబు కొస కుడి ఊపిరితిత్తి గొట్టంలోకి జారింది. రెండు వైపులా స్టెతస్కోప్ పెట్టి విని, ట్యూబు కాస్త వెనక్కి లాగాను. కూత మళ్లీ పైకెక్కింది. నిమిషం పట్టని పని. ఊపిరిగొట్టం ఎక్కడ రెండుగా చీలుతుందో చెప్పడానికి అంతకంటే మంచి పాఠం ఏ యాప్‌లోనూ దొరకదు. ఆ పాఠానికి హాజరైనవి పన్నెండు పుస్తకాలూ, ఒక సంచీ.

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, ఈ నాటకమెందుకు, పట్టా కూడా వాటికే ఇచ్చేద్దాం. స్నాతకోత్సవంలో లాగ్‌బుక్కులు నల్లగౌన్లు తొడుక్కుని వరసగా నిలబడి, అట్టలు టపటపలాడిస్తూ చరక శపథం చేస్తాయి. ఇంటికెళ్లాక అమ్మానాన్నలు దిష్టి తీస్తారు. పెళ్లిళ్ల పేరయ్య వస్తాడు, "మా పుస్తకానికి ఎంబీబీఎస్ అయిందండీ, పొలం రాసిచ్చే సంబంధముంటే చూడండి." తర్వాత క్యాజువాల్టీలో డ్యూటీ. గుండె ఆగిన మనిషిని తెస్తే ఛాతీ మీద లాగ్‌బుక్కు పెడతాం. కనీసం ఐదు సెంటీమీటర్లు అణగాలి, నిమిషానికి వందకు తగ్గకుండా. ఆ బరువు సరిపోతుందో లేదో, అది తర్వాత కమిటీ వేసుకుని చూసుకోవచ్చు.

పిల్లల్ని అని లాభం లేదు. ఎంబీబీఎస్‌లో మా అనస్థీషియాకి విడిగా పరీక్షే లేదు. సర్జరీ పేపర్లో ఓ మూల ప్రశ్న వస్తే వచ్చినట్టు. డిశ్చార్జ్ రోజున స్వీట్ ప్యాకెట్ సర్జన్ గదికి వెళ్తుంది. మేం 'మత్తు సూది ఇచ్చే ఆయన'.

ఇదే ఊళ్లో, అంటే హైదరాబాదులో, ఒకప్పుడు ఇలా లేదు. 1888లోనూ 1889లోనూ ఆరో నిజాం డబ్బు పెట్టి అప్పటి మత్తుమందు క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చడానికి రెండు కమిషన్లు నడిపించాడు. మెడికల్ స్కూల్ నడిపిన ఎడ్వర్డ్ లారీ దొర విద్యార్థుల చేతికే క్లోరోఫామ్ ఇచ్చి, చూపు ఊపిరి మీద నుంచి తిప్పొద్దని నేర్పేవాడు. క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపదని ఆయన పట్టుబట్టాడు. అది తప్పని తర్వాత తేలింది, అది వేరే సంగతి. ఆయన దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థటిస్టు అంటారు. ఆవిడ సంచిలో వచ్చిన దాఖలా లేదు.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను. ఇక నా వల్ల కాదు.

ఒక రాత్రి క్యాజువాల్టీకి పురుగుల మందు తాగిన రైతును తెచ్చారు. ఊపిరి ఆగిపోతోంది. అక్కడున్నది ఒక్క హౌస్‌సర్జన్, చేతిలో అంబూ బ్యాగు, అంటే మాస్కులోంచి గాలి పంపే తిత్తి. పిండుతున్నాడు, ఒళ్లంతా చెమటలు కక్కుతూ పిండుతున్నాడు. మాస్కు పక్కల నుంచి గాలి బుస్సుమని పోతోంది, ఛాతీ లేవడం లేదు, పొట్ట ఉబ్బుతోంది. నేను పైనుంచి పరుగెత్తుకొచ్చేసరికి మనిషి నీలంగా మారాడు. బొటనవేలూ చూపుడువేలూ మాస్కు మీద బిగించి, మిగతా మూడు వేళ్లతో దవడ ఎముకను పైకెత్తాలి. అంతే! దవడ ఎత్తగానే ఛాతీ లేచింది. దీనికి యంత్రాలు అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు, మూడు వేళ్లు చాలు! ఒక్క పూట థియేటర్‌లో పక్కన నిలబెట్టి, చెయ్యి పట్టుకుని నేర్పితే వచ్చే పని. ఆ రైతు మూడో రోజు పోయాడు.

ఆ కుర్రాడి లాగ్‌బుక్కులో 'మాస్క్ వెంటిలేషన్ – నేర్చుకున్నాడు' అని ఉంది. కింద సంతకం నాది.

పిల్లలు ఊరికే లైబ్రరీకి పోలేదు. మొదటి రోజు పన్నెండుమందీ వచ్చారు, గ్రీన్ డ్రెస్సులు నాలుగే ఉన్నాయి. "గుంపుగా ఉండొద్దమ్మా, వెళ్లి చదువుకోండి" అన్నది నేనే. ట్యూబు వేసే ఛాన్సు పీజీకే చాలడం లేదు, వీళ్లకెక్కడ ఇస్తాం అన్నది మా ప్రొఫెసర్ గారు. వాళ్లు చెప్పిన మాట విన్నారు.

గాల్ బ్లాడర్ బయటికొచ్చింది. సర్జన్ గారు కుట్లు వేస్తున్నారు. కుర్రాడు ఇంకా తలుపు దగ్గరే సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు, మెస్ మూసేస్తారేమోనని గడియారం చూస్తూ.

"పెన్నుందా?" అన్నాను.

వరసగా గీసుకుంటూ పోయాను. పన్నెండో దాని మీద పేరు లేదు. "ఇదెవరిదిరా?" అంటే వాడికీ తెలియదు. దాని మీదా సంతకం పెట్టాను.